మంజూరు చే—

ఖజానా కచేరీలో ముప్పై మూడేళ్ల కొలువు నాది.
బిల్లు మీది సంతకాన్ని
నమూనా సంతకం పక్కన పెట్టి చూడటమే పని.
మనుషుల ముఖాలు మరిచిపోయేవాణ్ణి,
వాళ్లు తలకట్టు ఇచ్చే తీరు మాత్రం మరిచేవాణ్ణి కాదు.

తాలూకాలు పోయి మండలాలొచ్చిన ఏడు
శ్రీకాకుళంలో చెదలు తిన్న పాత కాగితాలు
కిలో తొంభై పైసలకు పాడుకున్నాడు చింతాడ సూరప్పడు.
సాయంత్రాలు ఏడురోడ్ల కూడలి వెనక అతని కొట్లో
గోనెపట్టా మీద గొంతుక్కూర్చుని ఏరేవాణ్ణి.
చికాకోల్ తాలూకా అని గుండ్రటి ముద్ర,
దాని పక్కన దొరలు, డిప్టీలు, తాసీల్దార్లు.
ఒకరిది ఎండిన ఈతముల్లు.
ఒకరిది, సిరా ఆరకముందే ఎవరో పిలిస్తే లేచిపోయినట్టు
చివర అలుక్కుపోయింది.
క్రాలీ అనే దొర తన పేరులో ఒక్క అక్షరం చదవనివ్వడు,
కింద గీత మాత్రం కొరడాలా లాగుతాడు.
వఝల కామేశలింగం, తాసీల్దారు,
‘లిం’ దగ్గర సున్నా చుట్టటంలో ఎంత నిదానమో!
అందులో వక్కపలుకు పెట్టి తాంబూలం ఇవ్వొచ్చు.

కాగితమంతా దాచుకోడానికి చోటెక్కడ?
సంతకం మేరకే కత్తిరించేవాణ్ణి,
మహా అయితే అగ్గిపెట్టంత.
మిగతాది సూరప్పడికే ఇచ్చేస్తే
తూకం తగ్గిందని నవ్వేవాడు.
ఆ మిగతాదాంట్లో పొట్లాలు కట్టిన ఉప్పుసెనగలు
ఊరంతా తిన్నారు.
నేనూ తిన్నాను.

మొన్న కార్తీకంలో, గ్రంథాలయం వాళ్లు
నా ఆల్బం బల్ల మీద పెట్టిన వారానికి,
గార నుంచి పారమ్మ వచ్చింది,
వంకాయల గంప గుమ్మం పక్కన దింపి.
“మా తాత ముద్దాడ సిట్టెన్న, లంకబూమికి అర్జీ ఎట్టుకున్నాడు బాబూ.
కామేసలింగంగారు సొంత సేత్తో రాసిన కాయితమట.
మీకాడ ఉందన్నారు.”

ఉంది. పద్నాలుగో పుట, పైనుంచి రెండోది.
సంతకం కింద ఓ మూల ‘ముద్దాడ చి’ అని ఉంది కూడా.
వేడి టీగ్లాసు మీద పట్టి ఊడదీశాను.
ఇన్నేళ్లలో మొదటిసారి
వెనక్కి తిప్పాను.
పచ్చసిరా, అదే నిదానం:
మంజూరు చే
అక్కడ నా కత్తెర.

చేయడమైనది, కావచ్చు.
చేయ వీలుపడదు, కావచ్చు.

“ఏటుంది బాబూ?”
చదివాను.
“సేసేరా? సెయ్యనేదా?”
నోట్లో ఉప్పుసెనగల రుచి.

ఆ ముక్కని అరచేతిలో పెట్టి
తూకం చూసినట్టు పైకీ కిందికీ ఆడించింది.
“బూమి ఎలాగా ఏట్లో కలిసిపోనాది.
దానికోసం కాదు బాబూ.
మాదేనని దున్నీవోడు మా తాత.
మాది కాదని కౌలు కట్టీవోడు మా అయ్య.
ఇద్దరూ సచ్చేదాకా మాటల్లేవు.
ఎవుడిది నిజమో సూద్దారని.”

ఆ రాత్రి టీ పది గ్లాసులు కాచాను, తాగటానికి కాదు.
మూడువందల పన్నెండు సంతకాలూ ఊడదీసి
బోర్లించి అంటించాను.
ఇప్పుడు నా ఆల్బంలో
తమ పాదము
ఎద్దు చచ్చినందు
ముగ్గురాడపి
నీరెక్కక గత రెం
విచారించి తెలి
అన్నీ నా కత్తెర దగ్గర ఆగిన మాటలే.
దొరలందరూ లోపల, జిగురువైపు,
కాగితానికి ముఖం ఆనించి ఉన్నారు.

ఆమె ముక్క ఆమెకే ఇవ్వబోతే పుచ్చుకోలేదు.
“మీకాడే ఉంచండి. ఎప్పుడన్నా గురుతొత్తాది.”

సంతలో కనిపించినప్పుడల్లా
వంకాయలు తూచి, మరో రెండు కొసరు వేస్తూ,
తల ఎత్తకుండానే అడుగుతుంది:
“గురుతొచ్చిందా బాబూ?”